పాత లారీకి పాత ఆయిలేనా?

2010కి ముందు రోడ్డెక్కిన లారీలు మన జిల్లాల్లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. టాటా 697 ఇంజన్లు, కమిన్స్ 6బీటీ బిగించిన టాటా బండ్లు, లేలాండ్ హినోలు. వీటికి కంప్యూటరు లేదు, యూరియా ట్యాంకు లేదు, పొగగొట్టంలో ఫిల్టరు లేదు. పంపు, నాజిళ్ళు అన్నీ మెకానికల్. ఇలాంటి బండికి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలన్న తగాదా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఎప్పుడూ ఉండేదే. ఆ తగాదాలోని రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు ఇంజన్లు విప్పి బిగించడంలోనే తల నెరిసిన మేస్త్రి. రెండోవాడు లూబ్రికెంట్ల శాస్త్రం చదివిన ఇంజనీరు, వరసకు మేస్త్రికి అన్న కొడుకు. నా మొగ్గు ఇంజనీరు వైపే. అయితే మేస్త్రి అడిగేవి ఉత్త చాదస్తపు ప్రశ్నలు కావు. వాటికి జవాబు చెప్పలేకపోతే ఇంజనీరు పుస్తకాలు ఎన్ని తిరగేసీ లాభం లేదు.

మేస్త్రి: నాకు తెలిసిన లెక్క ఇది అబ్బాయ్. బండి పాతబడేకొద్దీ లైనరుకీ రింగులకీ మధ్య సందు పెరుగుతుంది, బేరింగులు వదులవుతాయి. ఆ సందు నిండాలంటే ఆయిల్ చిక్కగా ఉండాలి. 15డబ్ల్యూ-40 పోసిన బండి ఎండాకాలంలో లోడు మీద రెండు గంటలు నడిచేసరికి ప్రెషరు గేజీ ముల్లు కిందికి జారుతుంది. అదే 20డబ్ల్యూ-50 గానీ, వెనకటి ఎస్‌ఏఈ 40 గానీ పోస్తే ముల్లు లేచి నిలబడుతుంది, పొగ తగ్గుతుంది, ఇంజన్ చప్పుడు మెత్తబడుతుంది. కళ్ళెదుట కనిపించేదాన్ని కాదంటావా? ఇంకోటి. ఈ బండి తయారైన రోజుల్లో కంపెనీ చెప్పింది సీఎఫ్-4 రకం. ఇప్పుడు కొత్త బండ్ల కోసం కనిపెట్టిన ఖరీదైన ఆయిల్ దీనికెందుకు? వాటిలో జింకు తగ్గించారట, ఆమ్లాన్ని విరిచే క్షారం తగ్గించారట. పాత ఇంజనుకు కావలసినవి తీసేసి, అక్కర్లేనివి కలిపినదాన్ని డబ్బిచ్చి కొనడమేమిటి?

ఇంజనీరు: ముల్లు లేవడం అబద్ధమని నేననను బాబాయ్, లేస్తుంది. ఎందుకు లేస్తోందన్న దగ్గరే మనకు తేడా. గేజీ చూపించేది బేరింగులకు ఎంత ఆయిల్ అందుతోందో కాదు, ఆయిల్ కదలడానికి ఎంత అడ్డు తగులుతోందో. పంపు తోడిందంతా బేరింగులకు చేరదు. ప్రెషరు హద్దు దాటగానే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగిలినదాన్ని వెనక్కి చాంబర్లోకి వదిలేస్తుంది. ఆయిల్ ఎంత చిక్కనైతే ఆ వాల్వు అంత ముందే తెరుచుకుంటుంది. తెల్లవారుజామున స్టార్టు చేసినప్పుడైతే చాంబర్లో నుంచి పైన రాకర్ల దాకా, టర్బో బేరింగు దాకా చిక్కటి ఆయిల్ చేరడానికి ఇంకా ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగే సమయాల్లో అదొకటి. బేరింగులో పుట్టిన వేడిని మోసుకుపోయేది కూడా అక్కడ పారే ఆయిలే. కనుక ముల్లు పైనుందని ఇంజన్ సుఖంగా ఉందనుకోకూడదు. ఎంతుంటే చాలో తయారీదారే చెప్పాడు. కమిన్స్ 6బీటీకి కనీస హద్దు ఐడిల్‌లో 10 పీఎస్‌ఐ, పూర్తి వేగంలో 30. వేడెక్కాక కూడా ముల్లు అంతకన్నా దిగకపోతే ఆ ఇంజనుకు కొరత లేదు. దిగిందంటే మెయిన్ బేరింగులు అరిగి ఉండాలి, పంపు అరిగి ఉండాలి, లేదా నాజిళ్ళు కారి డీజిల్ చాంబర్లో కలుస్తూ ఉండాలి. ఈ మూడింట్లో ఏదో తెలుసుకోకుండా చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది, రోగం అలాగే ఉంటుంది.

ఇక చిక్కదనం కొలత. డబ్బా మీద ఉండే 40 అన్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర కొలిచినది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు ఉన్నది 40, అక్కడి నుంచి 21.9 లోపు ఉన్నది 50. అంటే నువ్వు చెప్పిన వెనకటి ఎస్‌ఏఈ 40, నేను చెప్పే 15డబ్ల్యూ-40, రెండూ వేడి మీద ఒకే హద్దుల్లో ఉంటాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పాతది ఎక్కువ చిక్కగా ఉంటుంది, అంతే తేడా. బేరింగులో ఆయిల్ పొర పడే అసలు కష్టాన్ని 150 డిగ్రీల దగ్గర, విపరీతమైన ఒరిపిడిలో కొలుస్తారు. అక్కడ 15డబ్ల్యూ-40కి పెట్టిన కనీస హద్దు 3.7 సెంటీపాయిజులు. 50 గ్రేడుకూ ప్రమాణం అడిగేది అదే 3.7. కొన్న డబ్బాలో 50 గ్రేడు కాస్త ఎక్కువే ఉండొచ్చు. కానీ 40 గ్రేడు పలచన, దాన్ని నమ్మలేం అనడానికి ఆ ప్రమాణంలో ఆధారం లేదు.

మేస్త్రి: ల్యాబులో కొత్త డబ్బా విప్పి కొలిచిన సంగతి అది. మల్టీగ్రేడు ఆయిల్లో చిక్కదనం సొంతది కాదు, ఏదో పాలిమరు కలిపి తెప్పించినది. నాలుగు వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ పాలిమరు నలిగిపోతుంది. అప్పుడు నీ 40 కాస్తా 30 అవుతుంది. మోనోగ్రేడుకు ఆ బాధ లేదు. పైగా విజయవాడ ఎండ సంగతి నీకు తెలియనిది కాదు. 45 డిగ్రీల్లో ముప్పావు గంట ఘాటెక్కే బండికీ, చల్లటి దేశాల్లో నడిచే బండికీ ఒకే ఆయిలా?

ఇంజనీరు: పాలిమరు నలగడం నిజమే. సరిగ్గా ఆ బలహీనత మీదే ఆయిల్ ప్రమాణాలు రాసేవాళ్ళు పని చేశారు. ఆయిల్‌ని డీజిల్ నాజిల్ గుండా మళ్ళీ మళ్ళీ చిమ్మి చిక్కదనం ఎంత పడిపోయిందో చూసే పరీక్ష ఒకటుంది. సీఐ-4 నాటికి 30 సార్లు చిమ్మేవాళ్ళు. 2004లో వచ్చిన సీఐ-4 ప్లస్‌తో అది 90 సార్లకు పెరిగింది. నీ భయం పాత మల్టీగ్రేడుల విషయంలో న్యాయమైనదే. కానీ అదే భయం సీఎఫ్-4 కాదు, సీఐ-4 ప్లస్ కొనమని చెబుతోంది. నలుగుడును తట్టుకోవాలన్న షరతు బిగించింది కొత్త రకాలకే.

ఎండ విషయానికొస్తే, ఇంజన్‌లో నీళ్ళ వేడిని నిలిపేది థర్మోస్టాట్. అది 80 డిగ్రీలు దాటాకే తెరుచుకుంటుంది. బయట 20 అయినా 45 అయినా ఇంజను తన వేడికి తాను చేరుతుంది. ఎండలో, లోడు మీద ఆయిల్ వేడి కొంత పెరగడం నిజం. 15డబ్ల్యూ-40ని డీజిల్ బండ్ల కోసం స్థిరపరిచినవాళ్ళు ఆ కొంతను లెక్కలోకి తీసుకునే స్థిరపరిచారు. 100 డిగ్రీల దగ్గరే కొలవడంలో అర్థం అదే. రేడియేటరు సగం పూడుకుపోయి, ఫ్యాన్ బెల్టు జారుతూ, థర్మోస్టాట్ పీకి పారేసిన బండిలో ఆయిల్ పలచబడితే ఆ తప్పు ఆయిల్‌ది కాదు. థర్మోస్టాట్ తీసేయడం మన షెడ్లలో అలవాటైపోయింది. అది మానుకోవాలి. ఇంజన్ చల్లగా తిరిగితే కాలని డీజిల్, నీటి ఆవిరి చాంబర్లోనే నిలిచి ఆయిల్‌ని పాడుచేస్తాయి.

చిక్కటి ఆయిల్‌కు ఇంకో ఖర్చుంది, అది బిల్లులో కనపడదు. చిక్కటి ఆయిల్‌ని చిలకడానికి ఇంజను తన బలాన్నే ఖర్చు పెట్టాలి. తేడా ఒక్క శాతమే అనుకుందాం. నెలకు 8000 కిలోమీటర్లు తిరుగుతూ లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 2000 లీటర్లు తాగుతుంది. అందులో ఒక శాతం 20 లీటర్ల డీజిల్. రెండు ఆయిళ్ళ ధరల తేడా గురించి పేచీ పెట్టే ఓనరు ఈ 20 లీటర్ల సంగతి ఎన్నడూ అడగడు.

మేస్త్రి: సరే, చిక్కదనం సంగతి పక్కన పెడదాం. క్షారం మాట చెప్పు. టీబీఎన్ అంటారే, అది ఎక్కువున్న ఆయిలే ఇంజను లోపలి ఆమ్లాన్ని విరుస్తుందని నీ బోటి వాళ్ళే మాకు చెప్పారు. ఇప్పుడొచ్చే ఆయిళ్ళలో అది తగ్గిందని కూడా నీ బోటి వాళ్ళే అంటున్నారు.

ఇంజనీరు: ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా తగాదా సగం తీరుతుంది బాబాయ్. ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చేది? డీజిల్‌లో ఉన్న గంధకం కాలి, నీటి ఆవిరితో కలిసి గంధకామ్లం అయ్యేది. లైనర్లను, రింగులను తినేసేది అదే. 1990ల మొదట్లో మన డీజిల్‌లో గంధకం 1 శాతం దాకా ఉండొచ్చని ప్రమాణం. అంటే 10,000 పీపీఎం. 2000లో అది 2500కు దిగింది. 2005లో దేశమంతా 500, 2010లో 350, 2017లో 50. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా 10 పీపీఎం. హైదరాబాదు లాంటి పెద్ద నగరాలకు ఒక్కో అంచె ముందే వచ్చింది గానీ, లారీ నగరంలోనే తిరగదు కాబట్టి పల్లె బంకులో దొరికే డీజిలే లెక్క. ఒక తరం కాలంలో గంధకం వెయ్యో వంతుకు పడిపోయింది. నీ బండి 2004 నాటిదే కావచ్చు, అది తాగుతున్న డీజిల్ మాత్రం ఇవాళ్టిది. ఆ ఇంజను పుస్తకంలో ఎక్కువ క్షారం కావాలని రాసిన మనిషి అప్పటి డీజిల్‌ని చూసి రాశాడు. ఆ ఇంజను ఇప్పుడు ఆ రోజుల్లో పని చేయడం లేదు.

క్షారం అసలు అక్కర్లేదని కాదు. వేడికి ఆయిల్ మాగిపోయినప్పుడు పుట్టే ఆమ్లాలు ఉన్నాయి, నైట్రోజన్ వల్ల వచ్చేవీ ఉన్నాయి. వాటికి సీఐ-4 ప్లస్‌లోనూ, అంతకన్నా కొత్తదైన సీకే-4లోనూ ఉన్న క్షారం చాలు. సీకే-4 లాంటి కొత్త రకాల్లో బూడిదను 1 శాతానికి కట్టేసింది పొగగొట్టంలో ఫిల్టరున్న బండ్ల కోసం. క్షారం తెచ్చే లోహపు మందులే కాలి బూడిదవుతాయి, ఆ బూడిద ఫిల్టరును పూడుస్తుంది. మన పాత బండికి ఫిల్టరే లేదు కనుక ఆ హద్దు వల్ల దానికి లాభం లేదు, ఈ డీజిల్‌తో నష్టమూ లేదు. అందుకే పాత లారీకి సీకే-4 తప్పనిసరి అని నేననను. సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 చవకగా, మంచి చోట దొరికితే అదే పొయ్యమంటాను. సీఎఫ్-4 వద్దంటున్నది వేరే కారణానికి. అది 1990 నాటి రకం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ దాన్ని కాలం చెల్లినవాటిలో చేర్చింది. 1998లో వచ్చిన సీహెచ్-4ను సీఎఫ్-4 స్థానంలో వాడొచ్చని ఆ సంస్థే రాసింది. తరువాతవి అంతకన్నా మెరుగైనవి.

మేస్త్రి: జింకు?

ఇంజనీరు: జింకు, భాస్వరం కలిసిన మందు క్యామ్‌కీ ట్యాపెట్‌కీ మధ్య లోహం లోహాన్ని తాకకుండా కాపాడుతుంది. పాత ఇంజన్లలో ట్యాపెట్ క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతుంది, రోలర్ ఉండదు. కనుక నీ ఆందోళన సరైన చోటే ఉంది. ఇంకా బలమైన సాక్ష్యం నేనే నీకిస్తాను. 2016లో సీకే-4 వచ్చినప్పుడు ఫోర్డ్ కంపెనీ, కొన్ని సీకే-4 ఆయిళ్ళు తన డీజిల్ ఇంజన్లను అరుగుదల నుంచి సరిగా కాపాడడం లేదని చెప్పింది. భాస్వరం కనీసం 1000 పీపీఎం ఉండాలని సొంత నిబంధన పెట్టుకుంది. కానీ దీన్నుంచి తేలేదేమిటి? సీకే-4లో భాస్వరానికి పైహద్దు 0.12 శాతం, అంటే 1200 పీపీఎం. కిందిహద్దును గట్టిగా పట్టించుకోకపోవడమే ఫోర్డ్ పట్టుకున్న లోపం. పైహద్దుకు దగ్గరగా భాస్వరం వేసిన సీకే-4తో పేచీ లేదు. సీఐ-4 ప్లస్‌కైతే అసలు ఆ పైహద్దే లేదు. జింకు మీద భయమున్న ఓనరుకు నేను సీఐ-4 ప్లస్ చెప్పడానికి ఇది ఇంకో కారణం. భాస్వరం ఎంతుందో కంపెనీ డేటా షీటు అడిగి చూడొచ్చు. పొట్లాల్లో, చిన్న సీసాల్లో అమ్మే జింకు మందులు మాత్రం కలపొద్దు. తయారైన ఆయిల్లో మందులు ఒకదానితో ఒకటి లెక్క కుదిర్చి కలుపుతారు. మనం పైనుంచి ఒకటి పోస్తే ఆ లెక్క తప్పుతుంది.

కొత్తవాటిలో మన బండికి నిజంగా ఒప్పనిది ఒకటే, ఎఫ్‌ఏ-4. అది డీజిల్ ఆదా కోసం పలచన చేసిన రకం. 150 డిగ్రీల కొలతలో 2.9 నుంచి 3.2 దాకానే ఉంటుంది. పాత ఇంజన్లకు దాన్ని పొయ్యకూడదు. మన కొట్లలో అరుదే గానీ, డబ్బా వెనక చూసి కొనడం మంచిది.

మేస్త్రి: కాగితం మీద ఓడిపోయాను పో. షెడ్డులో చూసింది చెప్తాను, దానికి జవాబు చెప్పు. ఏళ్ళ తరబడి మామూలు ఆయిల్ తాగిన ఇంజనులో ఒక్కసారిగా ఈ కొత్త ఆయిల్ పోస్తే అయిదొందల కిలోమీటర్లకే నల్లబడిపోతుంది. అంతవరకూ కారని సీళ్ళు కారడం మొదలెడతాయి. కొన్ని బండ్లలో ఫిల్టరు పూడుకుని ప్రెషరు పడిపోయింది కూడా. బాగున్న బండిని చెడగొట్టిందన్న మాట ఓనరు నాతో అంటాడు, నీతో కాదు.

ఇంజనీరు: నువ్వు చూసింది నిజం. నల్లబడటం మొదట చెప్తాను. డీజిల్ ఇంజన్‌లో మసి పుట్టక తప్పదు, పాత నాజిళ్ళతో ఇంకా ఎక్కువ పుడుతుంది. ఆయిల్ తేటగా ఉందంటే ఆ మసి ఆయిల్లో లేదు, ఇంజన్ గోడల మీద, రింగు గాడుల్లో, చాంబరు అడుగున పేరుకుంది. మసిని పట్టి విడివిడిగా తేలేట్టు చేసి, డ్రెయిన్ చేసినప్పుడు బయటికి మోసుకొచ్చేదే మంచి ఆయిల్. సీళ్ళ సంగతి నీ వైపే ఉంది. గట్టిపడిపోయిన పాత సీలుకు ఇన్నాళ్ళూ మడ్డే అడ్డుగా నిలబడింది. మడ్డి కరిగాక సీలు అసలు రూపం బయటపడింది. కొత్త ఆయిల్ సీలును పాడుచేయలేదు, కానీ కారడం మాత్రం ఓనరు కళ్ళకు నిజంగానే కనిపిస్తుంది. కనుక మార్చే పద్ధతి ముఖ్యం. మొదటిసారి మార్చినప్పుడు ఫిల్టరు కొత్తది వేసి, మామూలు గడువులో మూడో వంతు తిరగగానే ఆ ఆయిల్‌ని, ఫిల్టరును మళ్ళీ మార్చెయ్యాలి. రెండోసారీ అలాగే చేస్తే ఇంకా మంచిది. కదిలిన మడ్డి బేరింగుల్లోకి కాక బయటికి పోవాలి. రెండు డ్రెయిన్ల అదనపు ఖర్చు అవుతుందని ముందే ఓనరుతో చెప్పు. ఆ మాట చెప్పకుండా మార్చితే తరువాత మాటలు పడేది నువ్వే.

మేస్త్రి: గడువన్నావు. ఎన్ని వేల కిలోమీటర్లకు డ్రెయిన్?

ఇంజనీరు: కిలోమీటర్లు ఒక్కటే చూస్తే మోసపోతాం. కృష్ణపట్నం, గంగవరం పోర్టుల దగ్గర లైన్లో గంటల తరబడి ఇంజన్ ఆపకుండా నిలబడే బండికి మీటరు తిరగదు, ఆయిల్ మాత్రం ముసలిదవుతూనే ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పరుకు కిలోమీటర్లు తక్కువ, దుమ్ము లెక్కలేనంత. ఇలాంటి బండ్లకు ఇంజన్ గంటల లెక్క పెట్టుకోవాలి, లేదా పుస్తకంలో రాసిన కిలోమీటర్లను సగానికి తగ్గించాలి. రవాణా కంపెనీకి పది బండ్లుంటే వాడిన ఆయిల్ నమూనా ల్యాబుకు పంపడం వృథా ఖర్చు కాదు. ఇనుము పెరిగితే లైనరు, క్యామ్ అరుగుతున్నాయి. రాగి, సీసం పెరిగితే బేరింగులు. సోడియం వచ్చిందంటే కూలెంటు లోపలికి చేరుతోంది. సిలికాన్ కనపడిందంటే అది దుమ్ము, ఎయిర్ ఫిల్టరు పైపు దగ్గరో క్లిప్పు దగ్గరో గాలి లోపలికి దొంగతనంగా వస్తోంది. సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగే బండికి ఏ కంపెనీ ఆయిల్ పోసినా ఇంజన్ నిలవదు. పది రూపాయల క్లిప్పు బిగించకుండా ఆయిల్ బ్రాండు మీద గంట సేపు వాదించుకోవడం నాకు బాధగా ఉంటుంది.

బ్రాండు మాట వచ్చింది కనుక చెప్తున్నాను. సర్వో, మాక్, మిల్సీ, కాస్ట్రాల్, ఏదైనా సరే, డబ్బా మీద సీఐ-4 ప్లస్, 15డబ్ల్యూ-40 అన్న రెండు మాటలు, సీలు సరిగా ఉండటం చాలు. వడగట్టి మళ్ళీ డబ్బాలో నింపిన లూజు ఆయిల్ మీద ఎంత పెద్ద పేరున్నా అది ఆయిల్ కాదు. ఖాళీ డబ్బాలు కొనేవాడు షెడ్డు చుట్టూ తిరుగుతుంటే, మూతకు కన్నం పొడిచి ఇవ్వమని పిల్లలకు చెప్పు.

మేస్త్రి: ఇంత చెప్పావు గానీ, నా దగ్గరకొచ్చే సగం బండ్లు నువ్వు చెప్పే బండ్లు కావు. నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ కొడుతుంది, ట్రిప్పుకు రెండు లీటర్ల ఆయిల్ తాగుతుంది. ఓనరు దగ్గర ఇంజన్ పనికి డబ్బుల్లేవు, ఫైనాన్సు వాయిదా ఉంది, ఫిట్‌నెస్ దగ్గరకొచ్చింది. ఆ బండికి సీఐ-4 ప్లస్ పొయ్యమంటే తాగేదానికి అంత ఖరీదు ఎందుకంటాడు. నేను 50 పోసి ఇంకో ఆర్నెల్లు నడిపిస్తాను. అది తప్పా?

ఇంజనీరు: తప్పనను బాబాయ్. ఆ బండి ఆర్నెల్లు నడవాలి, ఆ కుటుంబం తినాలి. ఆయిల్ తాగే బండిలో గ్రేడు కన్నా మట్టం ముఖ్యం. చాంబర్లో డిప్‌స్టిక్ గీతకు దిగువన తిరిగిన ఒక్క ట్రిప్పు బేరింగులకు చేసే కీడు ఏ గ్రేడూ సరిదిద్దలేదు. కనుక రోజూ డిప్‌స్టిక్ తీసి చూడమని డ్రైవరుకు గట్టిగా చెప్పు. 50 పోస్తే అది కూడా సీఐ-4 రకం 20డబ్ల్యూ-50 అయితే మేలు. మసిని మోసేది ఉండాలి, ఎందుకంటే బ్యాక్ కంప్రెషన్ కొట్టే ఇంజన్‌లో మసి ఇంకా ఎక్కువగా చాంబర్లోకి దిగుతుంది. కాకపోతే నాదొక విన్నపం. 50 పోసినప్పుడు ముల్లు లేచిందని బాగైపోయిందన్న మాట ఓనరుకు చెప్పొద్దు. రింగులు, లైనర్లు పోయాయని, ఇది ఆర్నెల్ల మాటేనని, ఇంజన్ పని చేయించాక మళ్ళీ 15డబ్ల్యూ-40కే రావాలని చెప్పు. నెలకు ఎన్ని లీటర్లు పోస్తున్నామో నీ పుస్తకంలో రాసి చూపించు. ఆరు నెలల టాపప్ ఖరీదు, పొగలో పోయే డీజిల్ ఖరీదు కలిపితే సగం ఇంజన్ పని డబ్బు అందులోనే కనపడొచ్చు.

మేస్త్రి: రాసి చూపిస్తాను. కానీ బోరు మార్చిన కొత్త ఇంజనుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు నేను చెప్పిన ఆయిలే.

ఇంజనీరు: దాని గురించి రేపు మాట్లాడుకుందాం. రింగులు కుదురుకునే సంగతి వేరే లెక్క, అక్కడ నీ వైపు కొంత నిజముంది.